రోబో సైజు నియమాలు: సందేహం పంపడం నుంచి తనిఖీ పాసయ్యే దాకా

విద్యార్థుల రోబోటిక్స్ పోటీకి జట్టు పేరు నమోదైనంత మాత్రాన రోబో మైదానంలోకి వెళ్లలేదు. దాన్ని విడిగా తనిఖీకి పెట్టి పాస్ చేయించుకోవాలి. అక్కడ తరచూ పేచీ వచ్చేది సైజు దగ్గర, ఎందుకంటే చాలామంది ఒకటే అనుకునే నియమాలు నిజానికి రెండు. మ్యాచ్ మొదలయ్యే ముందు రోబో ఎంతలో ఇమడాలన్నది మొదటిది. మొదలయ్యాక దాని చేతులు, స్లయిడ్లు ఎంత దూరం చాపవచ్చన్నది రెండోది. మొదటిదాన్ని కొలిచి చూస్తారు. రెండోదానికి ఆట నడుస్తున్నంతసేపూ రిఫరీ కన్నే కొలబద్ద.

ముందు చూడాల్సింది: ఏ పోటీ, ఏ సీజన్

మొదలయ్యే సైజు పెద్దగా మారదు. ఫస్ట్ అనే సంస్థ నడిపే ఫస్ట్ టెక్ ఛాలెంజ్‌లో ఒక్కో వైపు 18 అంగుళాలు, అంటే 45.72 సెంటీమీటర్లు. వెక్స్ వీ5 పోటీలోనూ 18 అంగుళాలే. వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్ రోబోమిషన్ విభాగంలో ఒక్కో వైపు 250 మిల్లీమీటర్లు, వైర్లతో సహా. పరుగు మొదలయ్యాక అక్కడ సైజుకి హద్దు లేదు.

మారేది చాపు. అదే సంస్థ నడిపే ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటిషన్‌నే తీసుకోండి. రోబో అడుగు చట్రం, అంటే ఫ్రేమ్ దాటి బయటికి 2022లో 16 అంగుళాలు అనుమతించారు. 2023లో 48, 2024లో 12, 2025లో 18. నిరుటి చేతిని విప్పి ఈ ఏటి రోబోకి బిగించే ముందు ఈ వరస ఒకసారి చూసుకోవాలి. ఫస్ట్ టెక్ ఛాలెంజ్‌లో అయితే 2023-24 దాకా ఆట మొదలయ్యాక ఎటైనా చాపుకునే వీలుండేది. 2024-25లో మాత్రం అడ్డంగా 20 × 42 అంగుళాల దీర్ఘచతురస్రం దాటకూడదన్నారు, ఎత్తుకి హద్దు పెట్టలేదు. కాబట్టి మీ చేతిలో ఉన్న నిబంధనల పుస్తకం ఈ సీజన్ మాన్యువలేనా, ఆ తర్వాత వచ్చిన సవరణలు కూడా చదివారా అన్నది అన్నిటికన్నా ముందు తేల్చుకోండి.

సందేహం ఉంటే అధికారిక ప్రశ్న పంపడం

ఫస్ట్, వెక్స్ రెండింటికీ ప్రశ్నలు తీసుకుని జవాబులు అందరికీ కనిపించేలా పెట్టే అధికారిక ఏర్పాటు ఉంది. జట్టు ఖాతాతో లాగిన్ అయి అడగాలి. అడిగే ముందు పాత జవాబులు వెతకండి, మీ సందేహం ఇంకో జట్టుకీ వచ్చి ఉండొచ్చు.

ఇక్కడ ప్రశ్న రాసే తీరే అసలు సంగతి. “మా రోబో ఫొటో పంపుతున్నాం, ఇది నిబంధనలకి సరిపోతుందా?” అంటే ఫస్ట్ వాళ్లు జవాబివ్వరు. డిజైన్ చూసి సర్టిఫికెట్ ఇవ్వడం ఆ వేదిక పని కాదని మాన్యువల్లోనే రాసి ఉంటుంది. నిబంధన నంబరు లేని ప్రశ్నలకీ, ఎప్పుడో జరిగిన పోటీలో తీర్పు తప్పని వాదించే ప్రశ్నలకీ అదే గతి. నంబరు చెప్పి, అందులోని ఏ మాట అర్థం కాలేదో అడగండి. “ఈ నిబంధనలో చెప్పిన దీర్ఘచతురస్రం రోబోతో పాటు తిరుగుతుందా, మైదానం గీతలకి సమాంతరంగానే ఉండాలా?” అన్నది జవాబు వచ్చే ప్రశ్న. ఆ జవాబు ప్రింట్ తీసి తనిఖీకి వెంట తీసుకెళ్లండి. అయితే ఫస్ట్ పోటీల్లో జవాబుకీ మాన్యువల్‌కీ తేడా వస్తే నెగ్గేది మాన్యువలే.

చాపు లెక్క

ఫస్ట్ టెక్ ఛాలెంజ్ 2024-25 నాటి 20 × 42 నియమాన్నే ఉదాహరణగా చూద్దాం. రోబో 18 అంగుళాల చదరం అయితే ముందుకి 24 అంగుళాల చేయి చాపవచ్చు, లెక్క సరిగ్గా 42. అదే సమయంలో వెనకనుంచి ఇంకేదైనా ఒక్క అంగుళం బయటికొచ్చినా తప్పే. అసలు చిక్కు గుండ్రంగా తిరిగే చేతితో. 18 అంగుళాల చదరానికి మూల నుంచి మూలకి సుమారు 25.5 అంగుళాలు. చేయి మూల వైపు తిరిగి పూర్తిగా చాచిందంటే 20 అంగుళాల వెడల్పులో పట్టదు. తిన్నగా ముందుకి చాపి కొలిచి సరిపోయిందనుకున్న జట్టు ఆటలో పెనాల్టీ తినేది ఇలాగే. చేయి తిరిగే ప్రతి కోణంలోనూ కొలవాలి.

హద్దు దాటకుండా ఆపడానికి సాఫ్ట్‌వేర్ చాలా, ఇనప అడ్డే పెట్టాలా? ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటిషన్ రెండింటినీ ఒప్పుకుంటుంది, కానీ తనిఖీలో చేసి చూపించమనవచ్చు. నన్నడిగితే అడ్డు పెట్టడమే మేలు. చేయి ఎంత కదిలిందో చెప్పే సెన్సర్, అంటే ఎన్‌కోడర్ వైరు ఊడిపోతే కోడ్‌కి చేయి ఎక్కడుందో తెలియదు.

తనిఖీ రోజు

తనిఖీ పట్టికను ముందే డౌన్‌లోడ్ చేసి, జట్టే ఒకసారి అన్నీ చూసుకుని రావడం మంచిది. ఫస్ట్ టెక్ ఛాలెంజ్‌లో రోబో కొలత పెట్టెలో దాని గోడల్ని నెట్టకుండా ఇమడాలి. జిప్ టై తోకలు, వేలాడే రబ్బరు ముక్కలు, వదులు వైర్లు పట్టించేది ఇక్కడే. అందుకే 18కి 18 కట్టకుండా పదిహేడున్నర దగ్గర ఆగిపోతే టెన్షన్ ఉండదు. ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటిషన్‌లో కొలిచేది ఫ్రేమ్ చుట్టుకొలత, 2022 నుంచి 2025 దాకా అది 120 అంగుళాలు. పావు అంగుళం లోపు పొడుచుకొచ్చిన బోల్టు తలల్ని అందులో లెక్కపెట్టరు.

వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్‌లో తనిఖీలో తప్పు దొరికితే సరిచేసుకోవడానికి 3 నిమిషాలే ఇస్తారు. మిగతా చోట్ల సరిచేసి మళ్లీ వరసలో నిలబడవచ్చు. పాసయ్యాక రోబోలో పెద్ద మార్పు చేస్తే మళ్లీ తనిఖీ చేయించాలి.

పెనాల్టీ మీద అభ్యంతరం ఉంటే రిఫరీ దగ్గరికి విద్యార్థే వెళ్లాలి. కోచ్ గానీ తల్లిదండ్రులు గానీ మాట్లాడటం కుదరదు. ఫస్ట్ పోటీల్లో మీరు తీసిన వీడియో చూపించినా రిఫరీ చూడరు, హెడ్ రిఫరీ చెప్పిందే ఆఖరు.