క్లచ్ పడితే బొటనవేలి మొదట్లో నొప్పి: నాకు పనిచేసింది ఇదీ

బొటనవేలి మొదట్లో కీలు అరిగింది. ట్రాఫిక్‌లో బైక్ క్లచ్ పదే పదే నొక్కితే మణికట్టు దాకా లాగేసేది. జెల్ గ్లోవ్స్, మణికట్టు పట్టీ, నొప్పి ఆయింట్‌మెంట్ అన్నీ వాడాను, పెద్దగా లాభం లేదు.

ముందు క్లచ్ కేబుల్ కొత్తది వేయించాను. పాతదాని లోపలి తీగలు చిట్లి, బిగుసుకుపోయి ఉంది. సగం నొప్పికి కారణం అదే! తర్వాత క్లచ్ లివర్‌ను హ్యాండిల్‌కు పట్టి ఉంచే క్లాంప్ బోల్ట్ కొంచెం వదులు చేసి, సీటు మీద మామూలుగా కూర్చుని, వేళ్లు లివర్ మీద పెట్టాను. మోచేతి నుంచి వేళ్ల దాకా ఒకే గీతలో వచ్చేలా లివర్‌ను కిందికి తిప్పి బిగించాను. అంతకుముందు మణికట్టు పైకి వంగి ఉండేది. అద్దం కూడా దాంతోపాటే తిరుగుతుంది, మళ్లీ సరిచేసుకోండి. చివరగా ఫ్రీ ప్లే (లివర్ నొక్కితే క్లచ్ పనిచేయడం మొదలయ్యే ముందు ఉండే ఖాళీ కదలిక) మాన్యువల్‌లో ఉన్నంత పెట్టి, హ్యాండిల్ పిడికి మందపాటి ఫోమ్ తొడిగాను.

నాది 125 సీసీ బండి, క్లచ్ స్ప్రింగ్ తేలికే. పెద్ద బండ్లకు ఇంత తేడా రాకపోవచ్చు. రుమటాయిడ్ (కీళ్లవాతం) వాపు ఉన్నవాళ్లు మాత్రం ముందు డాక్టర్‌ని అడగండి. పట్టు పూర్తిగా రానివాళ్లకు గేర్లు లేని స్కూటరే మంచిదని నా అభిప్రాయం.