పదిమంది, రెండు రాత్రులు: కొండమీద క్యాంపుకు వంట లెక్క

సామాన్ల చిట్టాను ఉప్పు, పప్పు, నూనె అంటూ మొదలుపెడితే ఒకటి మిగులుతుంది, ఇంకొకటి చాలదు. ముందు పూటలు లెక్కపెట్టండి. డిసెంబరులో లంబసింగికి శుక్రవారం సాయంత్రం చేరి, ఆదివారం పొద్దున తిని బయల్దేరితే ఐదు పూటలు. ఏ పూట సరుకు ఆ పూట సంచిలో, తాలింపు గింజలు, ఉప్పు, కారంతో సహా ఇంట్లోనే కొలిచి కట్టి, పైన పేరు రాయాలి. చీకట్లో టార్చి పట్టుకుని ఆవాలు వెతికే బాధ తప్పుతుంది.

శుక్రవారం రాత్రికి వంట పెట్టుకోవద్దు. డేరాలు వేసేసరికే పొద్దుపోతుంది. కిలో బియ్యంతో పులిహోర కలిపి తీసుకెళ్లండి. అన్నం పళ్లెంలో ఆరబోసి, బాగా చల్లారాకే డబ్బాకెత్తాలి. వేడిమీద మూత పెడితే ఆవిరికి చెమ్మ పట్టి పాడవుతుంది. ఆ రాత్రికే అవగొట్టేయండి.

శనివారం పొద్దున ఉప్మా. 800 గ్రాముల బొంబాయి రవ్వ ఇంట్లోనే వేయించుకోండి. గ్లాసు రవ్వకు రెండున్నర గ్లాసుల నీళ్లు. మధ్యాహ్నానికి 1.2 కిలోల బియ్యం, అరకిలో కందిపప్పుతో టమాటా పప్పు, ఆవకాయ, పెరుగు. రాత్రికి కిలో బియ్యం, 20 గుడ్లతో పులుసు. ఆదివారం తడిపి తాలింపు పెట్టిన అటుకులు, 800 గ్రాములు చాలు. బయల్దేరే హడావిడిలో తోమాల్సిన గిన్నె ఒక్కటే.

పప్పు దగ్గరే చాలామందికి దెబ్బ తగులుతుంది. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. అక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి మామూలు గిన్నెలో పప్పు ఓ పట్టాన ఉడకదు. గంట ముందు నానబెట్టి 5 లీటర్ల కుక్కర్లో పెట్టండి, సగానికి మించి నింపకుండా. టమాటా, చింతపండు పప్పు మెత్తబడ్డాకే వేయాలి. పులుపు ముందే పడితే పప్పు గట్టిగా ఉండిపోతుంది. అన్నానికి 10 లీటర్ల కుక్కరు వేరే ఉండాలి.

మిగిలిన అన్నం పొద్దున తాలింపు పెడదామని గిన్నెలో వదిలేయకండి. ఫ్రిజ్ లేనిచోట అందులో పెరిగే సూక్ష్మజీవుల విషం మళ్లీ వేడిచేసినా పోదు. పదిమందికి వాంతులు పట్టుకుంటే అడవిలో చేసేదేమీ ఉండదు. తగ్గినా పరవాలేదు, అన్నం కొలిచే వండండి.

నీళ్లు తాగడానికి మనిషికి రోజుకు 3 లీటర్లు, వంటకూ కడుగుడుకూ ఇంకో 2. రెండు రోజులకు 100 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు ఐదు. ఒకటి ఎక్కువే పట్టుకెళ్లండి.

గ్యాసుకు 5 కిలోల సిలిండరు నిండుగా ఉంటే సరిపోతుంది. చలికి లోపలి ఒత్తిడి తగ్గుతుంది. సగం ఖాళీ అయినదైతే తెల్లవారుజామున మంట నీరసంగా వస్తుంది. సిలిండరును ఎండ తగిలే చోటికి జరపండి, అంతేగానీ మంటతో కాచకండి. రెగ్యులేటరు, గొట్టం బిగించి ఇంటిదగ్గరే ఒకసారి వెలిగించి చూడాలి. ఎంత చలేసినా డేరాలో మాత్రం పొయ్యి పెట్టొద్దు. గాలాడని చోట పోగయ్యే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.