మందు కొట్టే ముందు ఆకు తిప్పి చూడండి

మొక్కకు పురుగు పట్టిందనగానే చాలామంది అడిగేది ఒకటే: "ఏం కొట్టాలి?" నేను మాత్రం ఆకు వెనక ఏముందో ముందు చెప్పమంటాను. కూరగాయ మొక్కల్ని పీడించే పురుగులు చాలామటుకు ఆకు అడుగునే కాపురం పెడతాయి. పైనుంచి చూస్తే మొక్క నిక్షేపంగా కనిపిస్తుంది, ఆకు తిప్పితే అసలు సంగతి తెలుస్తుంది. నా దగ్గర పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం ఉంది. పొద్దున్నే మొక్కల దగ్గరికి వెళ్లేటప్పుడు నీళ్ల డబ్బా కన్నా ముందు అదే చేతిలోకి తీసుకుంటాను.

పురుగుల సంగతికి ముందు మొక్క బలం గురించి రెండు మాటలు. టమాట, వంగ, బెండ, మిరపకు రోజుకు కనీసం 6 గంటల ఎండ కావాలి. అంత ఎండ రాని చోట ఆకుకూరలు వేసుకోవడం మేలు. కుండీల్లోకి మట్టి, బాగా చివికిన కంపోస్టు, కొబ్బరిపొట్టు సమానంగా కలుపుకుంటే నీరు నిలవదు, మరీ తొందరగా ఆరిపోదు. వేలు రెండు కణుపుల దాకా గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే నీళ్లు పోయండి. అదీ పొద్దున పూట, మొక్క మొదలు దగ్గర. ఎరువు ఎంత వేస్తే అంత మంచిదనుకుంటారు గానీ నత్రజని ఎక్కువైన మొక్క మెత్తటి లేతాకులు విపరీతంగా వేస్తుంది. రసం పీల్చే పురుగులకు కావలసింది అదే. మొక్క ముదురు పచ్చగా ఏపుగా పెరుగుతూ పూత మాత్రం వేయడం లేదంటే ఎరువు ఆపండి.

ఇక పేనుబంక, అంటే మొక్క రసం పీల్చే బుల్లి మెత్తటి పురుగు. చిక్కుడు తీగల కొసలకు, బెండ చిగుళ్లకు, మిరప లేతాకులకు నల్లగానో పచ్చగానో గుంపులుగా అంటుకుని ఉంటుంది. ఆడపురుగు మగదానితో పని లేకుండానే పిల్లల్ని కంటుంది. వెచ్చటి వాతావరణంలో ఆ పిల్లలు వారం పది రోజుల్లో మళ్లీ పిల్లల్ని కంటాయి. నాలుగు రోజులు చూడకపోతే చిగురంతా నిండిపోవడానికి కారణం ఇదే. దీన్ని కనిపెట్టడానికి నేను చీమల్ని చూస్తాను. కాండం మీద చీమలు వరుసగా ఎక్కుతూ దిగుతూ ఉన్నాయంటే పైన పేనుబంకో, తెల్లటి పిండిలా అంటుకునే పిండినల్లో ఉండే అవకాశం చాలా ఎక్కువ. అవి విసర్జించే తియ్యటి జిగురు కోసమే చీమలు వెళ్తాయి, ఆ జిగురు పోకుండా శత్రువుల్ని తరిమి వాటిని కాపాడతాయి కూడా. ఆ జిగురు మీదే తర్వాత మసిలాంటి నల్లటి బూజు పెరిగి ఆకుకు వెలుతురు అందకుండా చేస్తుంది.

మందు వరకూ వెళ్లకండి. ఒక చేత్తో చిగురు కింద పట్టు ఇచ్చి, రెండో చేత్తో పైపు నీళ్లు కాస్త గట్టిగా కొట్టండి. కిందపడిన పేను తిరిగి మొక్క ఎక్కడం అరుదు. రోజు విడిచి రోజు మూడు నాలుగు సార్లు ఇలా చేస్తే గుంపు పలచబడిపోతుంది. మరీ నిండిపోయిన కొసల్ని తుంచి సబ్బునీళ్లలో ముంచేయండి.

మొత్తం తుడిచిపెట్టాలని మాత్రం పంతానికి పోవద్దు. మిగిలిన వాటి కోసం అక్షింతల పురుగులు వస్తాయి. ఎర్రటి రెక్కల మీద నల్లచుక్కలుండే పెద్ద పురుగును అందరూ గుర్తుపడతారు. దాని పిల్ల మాత్రం ఏ పోలికా లేకుండా నల్లగా, పొడుగ్గా, ఒంటి మీద నారింజ మచ్చలతో బుల్లి మొసలిలా ఉంటుంది. అదేదో కొత్త పురుగనుకుని నలిపేసేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే పేనుబంకను ఆకలిగా తినేది ఆ పిల్లే. భూతద్దంతో చూసేటప్పుడు ఇంకొకటి గమనించండి. పేనుల మధ్య కొన్ని కదలకుండా, ఉబ్బి, గోధుమరంగు తిరిగి ఉంటాయి. కొన్నిటి వీపు మీద గుండ్రంగా కోసినట్టు చిన్న రంధ్రం ఉంటుంది. అతి చిన్న కందిరీగ ఒకటి పేను కడుపులో గుడ్డు పెడితే, దాని పిల్ల లోపల తిని పెరిగి అలా బయటికొస్తుంది. అలాంటివి కనబడిన మొక్క జోలికి నేను పోను. అక్కడ పని జరుగుతూనే ఉంది.

వేపనూనె వాడాల్సి వస్తే ఇలా కలుపుకోండి. 5 మిల్లీలీటర్ల నూనెలో కొద్దిగా సబ్బు ద్రావణం వేసి ముందు ఆ రెండింటినీ బాగా గిలక్కొట్టాలి. తెల్లగా అయ్యాక లీటరు గోరువెచ్చటి నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. నూనెను నేరుగా నీళ్లలో పోస్తే పైన తేలిపోయి ఒక ఆకుకు వట్టి నీళ్లు, ఇంకో ఆకుకు వట్టి నూనె పడుతుంది. బట్టలుతికే పొడి వద్దు, ఆకులు మాడతాయి. ముందు ఒకటి రెండు ఆకుల మీద కొట్టి మర్నాటి దాకా ఆగి చూడండి. ఎండ పడితే వేపలోని పనిచేసే పదార్థం తొందరగా పాడైపోతుంది, పైగా పగలు తేనెటీగలు తిరుగుతుంటాయి కాబట్టి సాయంత్రమే కొట్టాలి. ఆకుల అడుగు తడవకపోతే ఫలితం ఉండదు. కలిపింది ఆరోజే వాడెయ్యండి. వేప తగలగానే పురుగు చచ్చిపడదు. తిండి మానేస్తుంది, ఎదుగుదల ఆగిపోతుంది. వారం తర్వాత మళ్లీ కొట్టి అప్పుడు ఫలితం చూడండి.

కంటికి సరిగా ఆనని ఎర్రనల్లికి పొడి వేడి ఇష్టం. ఆకు మీద సూదితో పొడిచినట్టు తెల్లచుక్కలు, అడుగున సన్నటి సాలెగూడు లాంటిది కనిపిస్తే అదే. ఆకుల అడుగు రోజూ నీళ్లతో కడగండి. తెల్లదోమకు పసుపు రంగు జిగురు అట్టలు మొక్క ఎత్తులో కట్టండి. కానీ బెండలో ఆకు పచ్చగా ఉండాల్సింది ఈనెలు పసుపు రంగు తిరిగి వలలా కనిపిస్తే అది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్. దానికి మందు లేదు. మిగతా మొక్కలకు అంటకుండా ఆ మొక్కను పీకేయాలి.

వంగలో కొమ్మ, కాయ తొలుచు పురుగుది వేరే దారి. గుడ్డు నుంచి బయటపడ్డ పిల్ల కాసేపటికే చిగురులోకో కాయలోకో దూరిపోతుంది, ఇక పైన ఏం కొట్టినా దానికి తగలదు. మొక్కంతా బాగుండి, ఒక్క కొమ్మ కొస మాత్రం వాడి తల వాల్చిందా? నీళ్లు చాలలేదనుకోకండి. వాడిన చోటికి ఒక అంగుళం కిందికి కోసి, ఆ పుల్లను నిలువుగా చీలిస్తే లోపల గులాబీ రంగు పురుగు ఉంటుంది. కనబడకపోతే ఇంకాస్త కిందికి కోయండి. కోసిన కొమ్మల్ని, పుచ్చు కాయల్ని కంపోస్టు గుంతలో వేయొద్దు, అది అక్కడే పెరిగి రెక్కలతో తిరిగొస్తుంది. వంగ పువ్వు తనంతట తానే కాయ కట్టగలదు కనుక మొక్క మొత్తానికి సన్నటి వల కప్పుకోవచ్చు. పూత రోజుల్లో కొమ్మల్ని మెల్లగా కదిపితే చాలు.

బీర, కాకర, దోసకు ఆ సౌకర్యం లేదు, తేనెటీగలు రావాల్సిందే. వల కప్పినా, తేనెటీగలు తక్కువైనా మనమే మగపువ్వు కోసి, వెనక బుల్లి పిందె ఉన్న ఆడపువ్వుకు పుప్పొడి రుద్దాలి. కాకర, దోసకు పొద్దున, బీరకు సాయంత్రం, ఎందుకంటే బీరపువ్వు పొద్దువాలాకే విచ్చుకుంటుంది. పిందె నిలిచి పువ్వు వాడగానే కాగితం సంచి తొడిగి మెడ దగ్గర దారం కట్టండి. పండుఈగ లేత పిందెకు చిల్లు పెట్టి లోపల గుడ్లు పెడుతుంది. కాయ వంకర తిరిగి, ఒకవైపు మెత్తబడి రాలిపోతుంది. రాలిన కాయను ఆరోజే ఏరేయాలి, లేకపోతే పురుగులు మట్టిలోకి దిగి, ఈగగా మారే ముందుండే కోశస్థ దశకు చేరతాయి. ఏరినవి ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టి కొన్ని రోజులు ఎండలో పడేస్తే లోపలే చస్తాయి.

పగలు ఎంత వెతికినా పురుగు దొరకదు, తెల్లారేసరికి ఆకులకు పెద్ద పెద్ద కంతలు. అప్పుడు రాత్రి భోజనాలయ్యాక టార్చి పట్టుకుని వెళ్లండి. లద్దెపురుగులు, నత్తలు ఆ వేళకే బయటికొస్తాయి. చేత్తో ఏరేయడమే. లద్దెపురుగు గుడ్లు ఆకు అడుగున గోధుమరంగు నూగు కప్పుకుని ముద్దగా ఉంటాయి. ఆ ఒక్క ఆకు తుంచితే వందల పురుగులు తగ్గినట్టే.

కాపు అయిపోయి మొక్క పీకేటప్పుడు వేర్లు తప్పకుండా చూడండి. వేరు ఉబ్బి ముడులు ముడులుగా ఉంటే మట్టిలో కంటికి కనబడని నులిపురుగులున్నట్టు. చిక్కుడు జాతి వేర్లకు మేలు చేసే బుడిపెలు కూడా ఉంటాయి. గోటితో గీకితే ఊడొచ్చేవి మంచివి, వేరులో భాగమైపోయి ఊడనివి నులిపురుగులవి. అలాంటి మట్టిలో వెంటనే టమాట, వంగ, బెండ వేయకుండా నులిపురుగులు తగ్గడానికి ఒక కాపు మొత్తం దగ్గరదగ్గరగా బంతి మొక్కలు వేయండి.