క్యాంపస్‌ల మొక్కలు, నీళ్లు, కరెంటు ప్రాజెక్టులకు పైసలు ఎట్ల తేవాలి?

పాలమూరు యూనివర్సిటీ గానీ, నల్గొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ (ఎంజీయూ) గానీ, వాటి కింద ఉన్న ఏ డిగ్రీ కాలేజీ గానీ, జూన్ 5 పర్యావరణ దినం వచ్చిందంటే బ్యానర్ కట్టుడు, నాలుగు మొక్కలు పెట్టుడు, ఫొటో దిగుడు మామూలే. ఆ మొక్కలు మళ్లీ ఏప్రిల్ దాకా ఎన్ని బతికినయో ఎవరూ అడగరు. ఈసారి గట్టిగ ఏదన్న చేద్దాం అని నలుగురైదుగురు కూడి, "మరి పైసలు ఎవలిస్తరు?" అన్న కాడ ఆగిపోయినోళ్ల కోసం ఇది రాస్తున్న.

ముందే ఒక మాట. పైసల కోసం తిరిగే ముందు పనికి లెక్క కట్టండి. "గ్రీన్ క్యాంపస్ చేస్తం సార్, సాయం చెయ్యండి" అంటే ఎవ్వరూ ఇయ్యరు, ఛాయ్ తాపి పంపిస్తరు. "హాస్టల్‌ల 100 ఫ్యాన్లు మారుస్తం, ఇంత ఖర్చు, ఇన్ని నెలల్ల వాపస్ వస్తది" అంటే కూసోమంటరు.

ఆ ఫ్యాన్ల లెక్కనే చూద్దాం, అందరికీ అర్థమయ్యేది అదే. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్ల దాకా గుంజుతది, కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల దగ్గర నడుస్తది, అంటే 45 వాట్లు మిగులు. క్లాస్‌రూంల పెడితే రోజుకు 8 గంటలు, ఏడాదికి 200 రోజులు, ఫ్యాన్‌కు 72 యూనిట్లు మిగుల్తయి. అదే హాస్టల్ రూంల పెడితే రోజుకు 15 గంటలు, 280 రోజులు, 189 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు, ఫ్యాన్ 3000 అనుకుంటే క్లాస్‌రూం ఫ్యాన్ పైసలు తిరిగి రావడానికి ఐదేండ్లు దాటుతది, హాస్టల్ ఫ్యాన్‌ది రెండేండ్లల్లనే వస్తది. ఫ్యాన్ అదే, ఖర్చు అదే, పెట్టిన జాగ మారింది అంతే. ఈ ఒక్క లెక్క ఒక పేజీ మీద రాసి, మీ యూనివర్సిటీ కరెంటు బిల్లుల యూనిట్ రేటు ఎంతుందో చూసి 8 బదులు అదే వేసి, కింద 12 నెలల బిల్లుల జిరాక్సులు పెట్టుకుని పోతే సగం పని అయినట్టే. బిల్లులు ఎక్కడుంటయి అంటరా, అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ (ఏఓ) ఆఫీసులనో అకౌంట్స్ సెక్షన్‌లనో ఉంటయి, క్లర్క్ మేడంను మర్యాదగ అడిగితే ఇస్తరు.

నల్గొండ దిక్కు అయితే నీళ్ల లెక్క ఇంకా బలంగ ఉంటది. బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ముచ్చట మనకు కొత్తగ చెప్పాల్సింది లేదు, పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి పర్యావరణ పరిశోధన చేసే నీరి సంస్థోళ్లు పెట్టిన పేరే నల్గొండ టెక్నిక్. కానీ కప్పు మీద పడే వాన నీళ్లల్ల ఆ ఫ్లోరైడ్ బాధ ఉండదు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 500 చదరపు మీటర్ల బిల్డింగ్ కప్పు, ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన అనుకోండి, 3 లక్షల లీటర్లు, అండ్ల 20 శాతం పోయినా 2 లక్షల 40 వేలు. 5000 లీటర్ల ట్యాంకర్ లెక్కన 48 ట్యాంకర్లు. మీ క్యాంపస్‌ల ఎండకాలం ట్యాంకర్‌కు ఎంత కడుతున్నరో కనుక్కుని గుణించండి, ఆ నెంబరే మీ ప్రపోజల్. అన్నట్టు ఆర్‌ఓ ప్లాంట్ నుంచి బయటికి పోయే వేస్ట్ నీళ్లు కూడా చూడండి, కానీ అవి మొక్కలకు పట్టకండి, ఫ్లోరైడ్, ఉప్పు అంతా అండ్లనే మిగుల్తది, బాత్రూంలు కడగనీకి పైపు గుంజుకుంటే చాలు.

ఇగ పైసలే అవసరం లేని పనులు కొన్నుంటయి, వాటికి ఫండింగ్ అని తిరగడం టైం వేస్ట్. మొక్కలు కొనకండి. 2015ల హరితహారం మొదలైనంక ఊరూరికి నర్సరీ వచ్చింది, అటవీ శాఖ నర్సరీలు వేరే ఉన్నయి, వానకాలం ముందు ప్రిన్సిపాల్ సంతకంతో లెటర్ ఇస్తే మొక్కలు దొరుకుతయి. కానుగ, వేప, నేరేడు, చింత అడగండి, కోనోకార్పస్ మాత్రం వద్దు. మొక్క ఫ్రీగ వచ్చినా దాన్ని బతికించుడు ఫ్రీ కాదు, ట్రీ గార్డులు, మూడు ఎండకాలాల నీళ్లు, గేటు తీసి పెడితే లోపలికొచ్చే బర్రెలు మేకలు, ఖర్చంతా అక్కడుంటది, పైసలు అడిగేది ఆ ఖర్చుకు అడగండి. 500 మొక్కలకు అడిగి 50 బతికించుకునే కన్నా 60కి అడిగి 55 చూపిస్తే వచ్చే ఏడాది అదే మనిషి మళ్లీ ఇస్తడు.

గుంతలు తవ్వుడు, కాలువ తీసుడు, ఇంకుడు గుంతలు, కంపోస్ట్ గుంత, ఇవన్నీ ఎన్‌ఎస్‌ఎస్ వాళ్లతో కలిసి చేసుకోవచ్చు. వాళ్లకు ఏడాదికి 120 గంటల పని చూపించాల్సి ఉంటది, మీకు మనుషులు కావాలె, ఇద్దరికీ పనికొస్తది. ప్రోగ్రాం ఆఫీసర్ సారును ఆగస్టులనే కలవండి, 7 రోజుల స్పెషల్ క్యాంప్ దత్తత తీసుకున్న ఊర్ల ఉంటది, అది వేరే, క్యాంపస్ పని రెగ్యులర్ యాక్టివిటీ కింద పెట్టించుకోవాలె. మెస్ చెత్త, ఎండుటాకులు కలిపి కంపోస్ట్ చేస్తే ఇటుకలు, కొంచం పెంట తప్ప ఖర్చు లేదు, మెస్ ఇన్‌చార్జి ఒప్పుకుంటే చాలు. ఒప్పించేటప్పుడు తడి చెత్తల ప్లాస్టిక్ ప్యాకెట్లు కలపొద్దని వంట వాళ్లతోని స్వయంగ మాట్లాడండి, నోటీస్ బోర్డు మీద రాస్తే ఎవ్వరూ చూడరు.

ఇప్పుడు అసలు పైసల కాడికి వద్దాం. మొదటి తలుపు క్యాంపస్ లోపలిదే, ఐక్యూఏసీ, అంటే కాలేజీ నాణ్యత చూసుకునే లోపలి విభాగం. కాలేజీలకు నాణ్యత గుర్తింపు ఇచ్చే న్యాక్ వాళ్లు సోలార్ ఉందా, నీళ్ల పొదుపు ఉందా, చెత్త ఏం చేస్తున్నరు, గ్రీన్ ఆడిట్ చేయించిండ్రా అని అడుగుతరు. కోఆర్డినేటర్ సారుకు ఆ కాగితాలు కావాలె, మీరు ఫొటోలు, రీడింగులు, తారీఖులతో రికార్డు చేసిస్తం అంటే ఆయనే మీ ఫైల్ పట్టుకుని రిజిస్ట్రార్ దగ్గరికి పోతడు. లెటర్ ఇచ్చేటప్పుడు మాత్రం చేతికి ఇచ్చి రాకండి, ఇన్‌వర్డ్‌ల వేయించి నెంబర్ రాసుకోండి, మీ కాపీ మీద రిసీవ్డ్ స్టాంప్ వేయించుకోండి. నెంబర్ లేని లెటర్ ఆఫీసుల లేనట్టే లెక్క, పది రోజులకు పోయి "ఏమైంది సార్" అంటే "ఏ లెటర్?" అంటరు.

అమెరికాల బర్క్‌లీ యూనివర్సిటీ స్టూడెంట్స్ 2007ల ఓటేసుకుని సెమిస్టర్‌కు 5 డాలర్లు ఫీజుల కలుపుకున్నరు, ఆ ఫండ్ నుంచే స్టూడెంట్ ప్రాజెక్టులకు గ్రాంట్లు ఇచ్చిండ్రు. మన దగ్గర స్టూడెంట్స్ చేతులెత్తితే ఫీజు కలవదు, స్కాలర్‌షిప్ మీద చదివేటోళ్లే ఎక్కువున్న చోట కలపాలని అడగడం కూడా నాకు సరిగ్గ అనిపించదు. మనసున్నోళ్లు ఇచ్చేదే తీసుకోవాలె. హార్వర్డ్‌ల ఇంకో పద్ధతి ఉంది, అప్పు లెక్క ఫండ్ ఇచ్చి, కరెంటు బిల్లుల మిగిలినదాంతోటి వాపస్ కట్టించుకుని, మళ్లీ ఇంకో ప్రాజెక్టుకు ఇస్తరు. ఇది అడిగి చూడొచ్చు, ఫ్యాన్ల మీద మిగిలిన దాంట్ల సగం వచ్చే ఏడాది ఇంకో హాస్టల్‌కు పెట్టాలని నోట్ రాయించుకోండి. రిజిస్ట్రార్ ఒప్పుకునేది అనుమానమే, అయినా ఫైల్ మీద మాట ఉంటే రేపు అడగనీకి ఉంటది.

బయటి పైసలల్ల పెద్దది సీఎస్‌ఆర్, అంటే కంపెనీలు సమాజం కోసం పెట్టే ఖర్చు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నెట్‌వర్త్ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ, గత మూడేండ్ల సగటు లాభంల 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలె, పర్యావరణం ఆ జాబితాల ఉంది, తన చుట్టుపక్కల ప్రాంతానికి ముందు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఉంది. ఈ చివరి ముక్క మనకు పనికొచ్చేది. జడ్చర్ల పోలేపల్లి సెజ్‌ల ఫార్మా కంపెనీలున్నయి, చౌటుప్పల్ దిక్కు ఫార్మా, దామరచర్ల, మేళ్లచెరువు దిక్కు సిమెంట్. హైదరాబాద్ హెడ్ ఆఫీసుకు మెయిల్ కొట్టే ముందు ప్లాంట్ హెచ్‌ఆర్ సారును కలవండి, లోకల్ మనిషి ఫార్వర్డ్ చేసిన మెయిల్‌కు విలువ వేరే.

కానీ ఆ పైసలు స్టూడెంట్ క్లబ్ పేరు మీద రావు. పని చేయించే సంస్థకు సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషన్ ఉండాలె, అది 2021 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. శాసనసభ చట్టం కింద ఏర్పడిన సంస్థలు అర్హులే కాబట్టి యూనివర్సిటీ తన పేరు మీద చేసుకోవచ్చు, చేసుకుందా లేదా ఫైనాన్స్ ఆఫీసర్‌ను అడగండి. లేకుంటే ఇంకో దారి, కంపెనీనే నేరుగ వెండర్‌కు పైసలు కట్టి ఫ్యాన్లు మీ స్టోర్స్‌ల దింపుతది, మీరు స్టాక్ రిజిస్టర్‌ల ఎక్కించుకుని రసీదు ఇస్తే అయిపోతది. నన్నడిగితే చిన్న పనులకు ఇదే మేలు, పైసలు ఎవరి ఖాతాల పడాలన్న పంచాయితీ ఉండదు. ఇంకోటి, ఒక రోజు రన్నులు, అవార్డు ఫంక్షన్లు సీఎస్‌ఆర్ కిందకి రావని కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2014లనే చెప్పింది, కాబట్టి టీషర్టులు, మెడల్స్ ఉన్న ప్రపోజల్ పట్టుకుపోకండి. ఏప్రిల్‌తోటి వాళ్ల కొత్త బడ్జెట్ మొదలైతది, ఫిబ్రవరిల కలిస్తే ప్లాన్‌ల పేరెక్కుతది.

పాత స్టూడెంట్స్‌ను చిన్నచూపు చూడకండి. ప్రతి బ్యాచ్‌కు ఒక వాట్సాప్ గ్రూప్ ఉంటది, "మీకు తోచినంత" అని పెడితే ఎవ్వరూ కదలరు, "అన్నా, ఒక ఫ్యాన్ 3000, 40 కావాలె, ఇప్పటికి 11 అయినయి" అని పెడితే సాయంత్రానికి లిస్ట్ పెరుగుతది. యూపీఐ నెంబర్ ఒక్కరి సొంత ఖాతాది పెట్టకండి, ఎంత మంచోడైనా రేపు మాట వస్తది, యూనివర్సిటీ ఖాతాకో, ఇద్దరు ఫ్యాకల్టీ సంతకాలున్న ఖాతాకో పోవాలె. విరాళం మీద 80జీ పన్ను మినహాయింపు అడిగితే మీ సంస్థకు ఆ అప్రూవల్ ఉంటేనే మాట ఇవ్వండి, 2000 దాటిన క్యాష్‌కు అది వర్తించదు, కొత్త పన్ను విధానంల ఉన్నోళ్లకు అసలే రాదు. అమెరికాల ఉన్న అన్న పంపుతా అంటే ముందు పాస్‌పోర్ట్ ఏ దేశానిదో అడగండి. ఇండియా పాస్‌పోర్టే ఉండి తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు, అక్కడి పౌరసత్వం తీసుకుంటే వస్తది, అప్పుడు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేని క్లబ్బో సొసైటీయో ఆ పైసలు ముట్టొద్దు.

ఎంపీ ల్యాడ్స్, అంటే ఎంపీకి తన ఏరియా పనుల కోసం ఇచ్చే నిధులు, ఏడాదికి 5 కోట్లు ఉంటది, శాశ్వతంగ నిలిచే పనులకే, చేతికి ఇయ్యరు, కలెక్టర్ ఆఫీసు ద్వారా పని చేయిస్తరు. ఇంకుడు గుంతలకు, సంపుకు అడగొచ్చు, ఫ్యాన్లకు వద్దు. సోలార్‌కు పీఎం సూర్యఘర్ సబ్సిడీ ఇండ్లకే, మీకు రాదు. రెస్కో పద్ధతిల కంపెనీనే ప్యానెళ్లు పెట్టి యూనిట్‌కు ఇంత అని తీసుకుంటది, అది ఏండ్ల తరబడి అగ్రిమెంట్, రిజిస్ట్రార్ సంతకం, దక్షిణ డిస్కం (మన కరెంటు సప్లై కంపెనీ)తో నెట్ మీటరింగ్, అంటే మిగిలిన సోలార్ కరెంటు లైన్‌కు ఇచ్చి బిల్లుల తగ్గించుకునుడు, స్టూడెంట్స్ చేసేది కప్పు కొలతలు, నీడ ఎక్కడ పడుతదో ఫొటోలు, బిల్లులు జమ చేసి ఫైల్ తయారు చెయ్యడం వరకే.

పైసలొచ్చినంక మూడు క్వొటేషన్లు, జీఎస్టీ బిల్లు, స్టాక్ ఎంట్రీ, పాత ఫ్యాన్లు ఎక్కడికి పోయినయో కూడా రాసి పెట్టండి. పైసలు ఎట్ల ఖర్చయినయో చూపే సర్టిఫికెట్ (యూసీ) మార్చి 31 దాటనియ్యకండి, యూసీ ఇయ్యనోళ్లకు రెండో విడత రాదు. ఫ్యాన్లు మార్చక ముందు ఒక నెల, మార్చినంక ఒక నెల మీటర్ రీడింగ్ ఫొటో తీయండి, హాస్టల్‌కు సబ్ మీటర్ లేకుంటే అది పెట్టించే ఖర్చు కూడా మొదటి ప్రపోజల్‌లనే కలపండి. ఫైనలియర్‌ల మీరు పోయే ముందు ఫైల్, పాస్‌వర్డులు, దాతల లిస్ట్ సెకండియర్‌ల ఇద్దరికి అప్పగించి, వాళ్లను వెంటేసుకుని అకౌంట్స్ సెక్షన్‌కు ఒకసారి పోయి పరిచయం చేసి రండి.