విపశ్యన సాధనలో నిలిచినవారిని లెక్కించడం ఎలా?

పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరం ఒక్కటి పూర్తిచేసినా ఆ వ్యక్తిని ‘పాత సాధకుడు’ అంటారు. ఇంటికి చేరిన మర్నాడే సాధన మానేసినా ఆ పేరు పోదు. కనుక 1969లో విపశ్యన ఆచార్యుడు సత్యనారాయణ గోయెంకా భారతదేశంలో బోధన ఆరంభించినప్పటి నుంచి శిబిరాలు చేసినవారి సంఖ్య ఎంత పెద్దదైనా, వారిలో ఎందరు నిలిచారో దానివల్ల తెలియదు.

‘నిలవడం’ అంటే ఏమిటో ముందే నిర్ణయించుకోవాలి. గోయెంకా సూచించినది ఉదయం గంట, సాయంత్రం గంట. అదొక్కటే గీటురాయి అయితే, రోజూ ఒక పూట మాత్రం తప్పక కూర్చునే ఉద్యోగినినీ, సాధన ఊసే మరిచిన మనిషినీ ఒకే గాటన కట్టినట్లవుతుంది. అందుచేత రెండు పూటలు, ఒక పూట, అప్పుడప్పుడు, అసలు లేదు అని నాలుగు వరుసలు పెట్టుకోవడం మేలు.

తరువాతిది జాబితా, లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. వారాంతపు సామూహిక సాధనకు వచ్చినవారిని అడిగితే దాదాపు అందరూ నిలిచినట్లే కనిపిస్తారు, ఎందుకంటే మానేసినవారు అక్కడికి రారు. హైదరాబాద్‌లోని ధమ్మఖేత్త వంటి కేంద్రం అనుమతితో, ఒక ఏడాదిలో మొదటిసారి శిబిరం చేసినవారందరి పేర్లూ తీసుకుని, వారినే 1, 3, 5 ఏళ్ల తరువాత పలకరించాలి. సభ్యత్వ రుసుము లేని వ్యవస్థ కాబట్టి, చందా ఆగిపోవడాన్ని చూసి పోల్చుకునే వీలు కూడా ఇక్కడ లేదు.

“రోజూ చేస్తున్నారా?” అని అడగరాదు, మొహమాటానికి అవుననేస్తారు. “నిన్న ఉదయం కూర్చున్నారా? మొన్న సాయంత్రం?” అని వారం రోజులూ విడివిడిగా అడగాలి. అడిగేవారు ఆచార్యులు కాకుంటేనే నిజం బయటికి వస్తుంది.

ఉదాహరణకు 200 మందిలో 90 మంది బదులిచ్చారనీ, వారిలో 36 మంది రెండు పూటలా కూర్చుంటున్నారనీ అనుకుందాం. బదులిచ్చినవారిలో అది 40 శాతం, మొత్తంలో 18 శాతం. పలకనివారందరూ సాధకులే అనుకుంటే 73 శాతం, కానీ మానేసినవారే ఫోను ఎత్తడానికి ఎక్కువగా జంకుతారు గనుక వాస్తవం 18కే దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం. మూడు అంకెలనూ ప్రకటించాలి. మరణించినవారిని మాత్రం మొత్తం నుంచి తీసివేయాలి.

పాత సాధకులకే జరిపే సతిపట్ఠాన శిబిరానికి వచ్చినవారిని నమూనాగా తీసుకోకూడదు: కనీసం మూడు పది రోజుల శిబిరాలు చేసినవారినే అందులో చేర్చుకుంటారు, అంటే జల్లెడ అప్పటికే పట్టేశారు.