విశాఖ సముద్రపు గాలిలో పైన్ చెక్క నేలకు సరైన నూనెను ఎలా ఎంచుకోవాలి?

పైన్ చెక్క నేల వేయించుకున్నవారు సాధారణంగా ఏ నూనె పూస్తే మెరుపు వస్తుందని అడుగుతారు. విశాఖపట్నంలో ఉండేవారు దానికంటే ముందు, ఈ ఊరి గాలిలో ఏ నూనె పూర్తిగా ఆరుతుందో, ఆరిన తరువాత ఏది బూజు పట్టకుండా నిలుస్తుందో తెలుసుకోవాలని నా అభిప్రాయం. లాసన్స్ బే కాలనీలోని మా పై గదికి ఒక ఆగస్టు నెలలో, వానల మధ్య, పచ్చి అవిసె నూనె రెండు పూతలు వేయించాను. మూడు వారాలు గడిచినా నేల కాలికి అంటుకుంటూనే ఉంది. దసరా నాటికి గోడ వారన నల్లని బూజు చుక్కలు కనిపించాయి. చివరకు పూతనంతా గీకించి మళ్లీ మొదటి నుంచి చేయించవలసి వచ్చింది.

మొదట చెక్కను పరిశీలించండి

పైన్ మెత్తని కలప. టేకు మీద జాడ వదలని కుర్చీ కాలు పైన్ మీద గాటు పెడుతుంది, ఏ నూనె పూసినా ఆ మెత్తదనం పోదు. అయినా నేను నూనెనే ఎంచుకోవడానికి కారణం ఉంది: పాలియురేథేన్ వంటి పూత చెక్కపై పొరగా నిలుస్తుంది కనుక ఒకచోట పెచ్చులూడితే తరచు గది మొత్తాన్ని గీకవలసి వస్తుంది, నూనె చెక్కలోకి ఇంకుతుంది కనుక చెడిన చోట మాత్రమే రుద్ది మళ్లీ పూయవచ్చు.

పైన్‌లో లేత రంగు చారలు మెత్తగా ఉండి నూనెను ఎక్కువగా తాగుతాయి, ముదురు చారలు తక్కువగా తాగుతాయి. ముడుల దగ్గర బంక ఊరుతుంది. కాబట్టి ముడులను టర్పెంటైన్‌తో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరిన తరువాతే నూనె సంగతి చూడాలి. ఓడరేవుకు సరుకుతో వచ్చిన పెట్టెల చెక్కను కొని నేలకు వాడదలచినవారు దానిపై ఉండే ముద్రను తప్పక చూడాలి. 'హెచ్‌టి' అని ఉంటే అది వేడితో శుద్ధి చేసిన చెక్క. 'ఎంబి' అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువుతో శుద్ధి చేసినది. రెండవదాన్ని ఇంటి లోపల వాడకండి. ముద్ర ఏదైనా నూనె మరకలు, రసాయనాల వాసన ఉన్న చెక్కను వదిలివేయడమే మంచిది.

తరువాత తేమను కొలవండి

చెక్కను తెచ్చిన వెంటనే పరచకుండా, నేల వేయబోయే గదిలోనే సన్నని చెక్క బద్దలపై పేర్చి రెండు వారాలు ఉంచండి. తేమ మీటరు మన తీరంలో 12 నుంచి 15 శాతం మధ్య స్థిరంగా చూపిస్తే ముందుకు వెళ్లవచ్చు. కింది కాంక్రీటును కూడా పరీక్షించాలి: ఒక మూర పొడవు, ఒక మూర వెడల్పు ఉన్న ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి, దాని అడుగున నీటి చెమ్మ పట్టినా, కాంక్రీటు రంగు ముదిరినా ఆ నేల ఇంకా సిద్ధంగా లేదని అర్థం. చెదలకు నూనె అడ్డు కాదు. బోరాక్స్ వంటి బోరాన్ మందును నూనె కంటే ముందే, ఏ పూతా లేని చెక్కకే పట్టించాలి.

నూనె పనికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉన్న నెలలు అనువైనవి. తప్పనిసరై వానాకాలంలో చేయవలసి వస్తే, ఏసీని తేమ తగ్గించే పద్ధతిలో నడుపుతూ, ఫ్యానుతో గాలి ఆడేలా చూసుకోవాలి.

ఇప్పుడు నూనెను ఎంచుకోండి

అన్ని నూనెలూ ఆరవు. అవిసె, టంగ్ వంటి నూనెలు గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకొని గట్టిపడతాయి, నీటిలా ఆవిరి కావు. కొబ్బరి, వేరుశనగ నూనెలు ఎన్నాళ్లున్నా అలా గట్టిపడవు కనుక, పెద్దలు తలుపులకు రాసేవారన్న మాట విని వాటిని నేలకు పూస్తే దుమ్ము పట్టి జిడ్డు మిగులుతుంది. పలాస వైపు దొరికే జీడి నూనెను, అంటే జీడిగింజ పెంకు నుంచి తీసే నూనెను, సూచించేవారూ ఉంటారు. అది పడవల చెక్కను కాపాడే గొప్ప నూనెయే గాని, చర్మాన్ని కాలుస్తుంది, చెక్కను నల్లగా మారుస్తుంది. ఇంటి నేలకు అది తగదు.

పచ్చి అవిసె నూనె ఆరడానికి వారాలు పట్టవచ్చు. అందుకే హార్డ్‌వేర్ దుకాణాలలో 'డబుల్ బాయిల్డ్' పేరుతో మరొక రకం అమ్ముతారు. దానిలో కోబాల్ట్, మాంగనీస్ వంటి లోహాల లవణాలను త్వరగా ఆరడానికి కలుపుతారు, అనుకూలమైన వాతావరణంలో అది దాదాపు ఒక రోజులో ఆరుతుంది. ధర తక్కువే. కానీ అవిసె నూనె కాలక్రమాన పసుపు బారుతుంది, పైగా తేమ ఉన్నచోట బూజుకు ఆహారమవుతుంది. తీరానికి దూరంగా, గాలి బాగా ఆడే పొడి గదికి తప్ప నేను దాన్ని సూచించను.

టంగ్ నూనె చైనాకు చెందిన టంగ్ చెట్టు గింజల నుంచి వస్తుంది. నీటిని అవిసె కంటే బాగా తట్టుకుంటుంది, పసుపు బారడం తక్కువ. అయితే ఒక్కో పూత ఆరడానికి రెండు మూడు రోజులు, పూర్తిగా గట్టిపడడానికి కొన్ని వారాలు కావాలి. డబ్బాపై 'స్వచ్ఛమైన' అన్న మాట ఉందో లేదో చూడండి, ఎందుకంటే టంగ్ పేరుతో వచ్చే కొన్ని మిశ్రమాలలో ఆ నూనె ఉండేది కొంచెమే. డానిష్ ఆయిల్‌కు స్థిరమైన పాళ్లు లేవు, టీక్ ఆయిల్‌లో టేకు నుంచి తీసినదేమీ ఉండదు. పేరును బట్టి కాక, డబ్బాపై రాసిన పదార్థాలను బట్టి కొనాలి.

సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో, జనం ఎక్కువగా తిరిగే గదులకు నేను ఎంచుకునేది హార్డ్‌వాక్స్ ఆయిల్. ఆరే నూనెలతో పాటు కార్నూబా వంటి గట్టి మైనాలు ఇందులో ఉంటాయి, రెండు పలుచని పూతలు సరిపోతాయి. ఖరీదు ఎక్కువే అయినా ఒక లీటరుతో ఒక పూత దాదాపు 20 చదరపు మీటర్లు వస్తుంది కనుక లెక్క మరీ భారంగా ఉండదు. పైన్ ఎండ తగిలి తేనె రంగుకు మారుతుంది. తూర్పు కిటికీల నుంచి ఉదయపు ఎండ నేరుగా పడే గదిలో ఇది త్వరగా జరుగుతుంది. లేత రంగు నిలవాలంటే కొద్దిగా తెల్లరంగు కలిపిన రకాన్ని తీసుకోండి. వంటగదికి, దేవుని గదికి చెక్క నేల వద్దనే అంటాను: పసుపు, కుంకుమ మరకలు ఏ నూనె పూసినా పూర్తిగా పోవు.

ముక్కపై పరీక్షించి, ఆపైన పూయండి

మిగిలిన చెక్క ముక్కలకు మీరు అనుకుంటున్న రెండు మూడు నూనెలను పూసి, అదే గదిలో వారం రోజులు ఉంచి రంగు, ఆరిన తీరు చూడండి. ఈ పరీక్షను ఎవరూ మానకూడదు.

నేలను ముందు 80, తరువాత 120 నంబరు ఉప్పు కాగితంతో చారల వెంబడి రుద్దించండి. అంతకంటే మరీ నున్నగా చేస్తే చెక్క నూనెను సరిగా తాగదు. దుమ్ము తీసిన తరువాత, తెల్లవారుజామున ఉండే చెమ్మ తగ్గాక, తొమ్మిది పది గంటల మధ్య పని మొదలుపెట్టండి. అవిసె, టంగ్ నూనెలైతే మొదటి పూతను టర్పెంటైన్‌తో పలుచన చేస్తే చారలు, మచ్చలు తక్కువగా పడతాయి. ఇరవై నిమిషాల తరువాత పైన మిగిలిన నూనెనంతా పొడిగుడ్డతో తుడిచేయాలి. జిగట నేలలకు ముఖ్య కారణం మందంగా పూసి వదిలేయడమే. హార్డ్‌వాక్స్ ఆయిల్‌ను డబ్బాపై చెప్పినట్టుగా, వీలైనంత పలుచగా పరచాలి.

నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయకండి. నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఆ ఉండలో వేడి పెరిగి గుడ్డలకు వాటంతటవే నిప్పు అంటుకోవచ్చు. వాటిని ఆరుబయట విడివిడిగా పరచి ఆరబెట్టండి, లేదా నీళ్లు పోసిన మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయండి.

పూత నిలవాలంటే

భీమిలి వైపు తీరపు ఇసుకలో గార్నెట్ ఖనిజం ఉంటుంది. ఉప్పు కాగితాల తయారీలో వాడే గరుకు రాళ్లలో అదొకటి. బీచి నుంచి వచ్చినవారు కాళ్లు కడిగి, తుడుచుకొని లోపలికి రావడం నేలకు ఎంతో మేలు చేస్తుంది. బకెట్ నీళ్లతో కడగడం, ఫినాయిల్ పోయడం మానేసి, గట్టిగా పిండిన గుడ్డతో తుడవండి. ఆరు నెలలకొకసారి, ఎక్కువ నడిచే చోట ఒక నీటి చుక్క వేసి చూడండి. అది ముత్యంలా నిలిస్తే పూత బాగున్నట్టే. కొన్ని నిమిషాల్లోనే ఇంకి చెక్క నల్లబడితే, ఆ భాగాన్ని 120 నంబరు కాగితంతో తేలికగా రుద్ది, మొదట వాడిన నూనెనే ఒక పలుచని పూత వేయండి.