ఇంట్లో కట్టిన చిన్న చెక్క పడవ: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

అడుగు చదునుగా, అంచులు తక్కువ ఎత్తులో ఉండే చిన్న ప్లైవుడ్ పడవను విదేశాల్లో బాతుల వేటగాళ్లు రెల్లులో దాగి ఉండేందుకు వాడతారు. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల వేట నేరం కనుక, డిండి జలాశయంలోనైనా సోమశిల దగ్గరి కృష్ణా వెనుక జలాల్లోనైనా అలాంటి పడవకు మిగిలేది గాలం, వల పనే. పది అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పుతో ఇంట్లో కట్టుకున్న పడవలో సాధారణంగా ఎదురయ్యే లోపాలను ఇక్కడ చూద్దాం.

సమస్య: పడవలోకి నీరు వస్తోంది

నీరు కనిపించగానే రెజిన్ (చెక్కను అతికించి, పూతగా గట్టిపడే జిగురు ద్రవం) డబ్బా తెరవకూడదు. లోపల నీరు నిలిచిన చోటే కారుతోందని అనుకోవడానికి లేదు. పడవను రెండు స్టాండ్ల మీద ఎత్తి, లోపల రెండు బకెట్ల నీళ్లు పోసి, బయట చెమ్మ తేలిన ప్రతి చోటా సుద్దతో గీత పెట్టండి. ఆ చెమ్మ ఎప్పుడు, ఎక్కడ తేలిందన్నదే కారణాన్ని చెబుతుంది.

పోసిన వెంటనే అతుకు వెంట చుక్కలు కారితే, అతుకులో ఎపాక్సీ, అంటే హార్డెనర్ అనే గట్టిపరిచే ద్రవం కలిపి వాడే రెజిన్, చాలలేదని అర్థం. పొడి చెక్క రెజిన్‌ను పీల్చేసుకోవడంతో మధ్యలో సందు మిగులుతుంది. అతుకును ఉలితో గీకి, బాగా ఆరనిచ్చి, మొదట పలుచని రెజిన్ పూసి, అది గట్టిపడకముందే సన్నని రంపపు పొడి కలిపిన చిక్కటి రెజిన్‌ను మూలలో నింపి, పైన మూడు నాలుగు అంగుళాల వెడల్పు ఫైబర్ గ్లాస్ పట్టీ వేయాలి.

చాలాసేపటికి గానీ చెమ్మ రాకుండా, ప్లైవుడ్ అంచు నల్లబడి ఉబ్బుతుంటే తప్పు అతుకుది కాదు, పూత పడని అంచుది. ప్లైవుడ్ ముఖం కంటే అంచు నుంచే ఎక్కువ నీరు తాగుతుంది. తట్టి చూసినప్పుడు డొల్ల శబ్దం వస్తే పొరలు విడిపోయినట్టే. ఆ భాగాన్ని కోసి కొత్త ముక్క వేయడం తప్ప మార్గం లేదు. దుకాణదారు ‘వాటర్‌ప్రూఫ్’ అన్నంత మాత్రాన సరిపోదు, షీటు మీద మెరైన్ ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 710 ముద్ర ఉండాలి. ఆ ప్రమాణం కింద ప్లైవుడ్‌ను 72 గంటలు మరిగించి పరీక్షిస్తారు. అంతసేపు కాకున్నా, ఒక తుంట ముక్కను కొన్ని గంటలు ఉడకబెడితే నాసిరకం సరుకు ఇంట్లోనే బయటపడుతుంది.

స్క్రూల చుట్టూ తుప్పు మరకలు కనిపిస్తే వాటిని తీసేసి, రంధ్రాలను రెజిన్‌తో నింపి, స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు వేయండి.

సమస్య: రెజిన్ కప్పులోనే పొగలు కక్కుతోంది, లేదా వారమైనా జిగురుగానే ఉంది

ఈ రెండూ వేర్వేరు తప్పులు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఎపాక్సీ పని చేసే సమయం దాదాపు సగానికి తగ్గుతుంది. నల్లగొండ మే నెల మధ్యాహ్నాన లోతైన కప్పులో ఎక్కువ రెజిన్ కలిపితే దాని వేడి దాన్నే ఉడికిస్తుంది. కొద్దికొద్దిగా కలిపి, వెడల్పాటి పళ్లెంలో పోసుకుని, సాయంత్రం చల్లబడేటప్పుడు పూయాలి. సాయంత్రాన్నే ఎంచుకోవడానికి మరో కారణం ఉంది: చల్లబడే చెక్క రెజిన్‌ను లోపలికి లాక్కుంటుంది, వేడెక్కే చెక్క మాత్రం గాలిని బయటకు తోసి బుడగలు లేపుతుంది.

జిగురు పోకపోతే రెజిన్‌లో హార్డెనర్ కలిపిన పాళ్లు తప్పినట్టు. పైన అదనంగా హార్డెనర్ పూసినా లాభం లేదు, గీకి తీసి మళ్లీ వేయాల్సిందే. డబ్బా మీద రాసిన పాళ్లు తూకానివా కొలతవా అన్నది ముందు చూడాలి. వానాకాలంలో పూత గట్టిపడినా పైన జిడ్డు పొర మిగిలితే అది వేరే సంగతి. దాన్ని నీళ్లతో రుద్ది కడిగి, ఆరాక శాండ్ పేపర్ పట్టి తరువాతి పూత వేయవచ్చు.

సమస్య: పడవ ఒరుగుతోంది, లేదా తూగుతోంది

ఎప్పుడూ ఒకే పక్కకు ఒరిగితే పడవ మెలి తిరిగిందేమో చూడాలి. ముందొక తిన్నని బద్ద, వెనకొక బద్ద అడ్డంగా పెట్టి చూస్తే తెలుస్తుంది. అతికించక ముందే మూలమట్టాలు సరిచూసుకోవడం మంచిది. అతికాక స్వల్పమైన మెలిని బరువు సర్ది దాచవచ్చు, పెద్ద మెలిని మాత్రం దిద్దలేము.

మనిషి కదిలినప్పుడల్లా తూగితే కూర్చునే బల్ల ఎత్తు తగ్గించండి. ముప్పై చదరపు అడుగుల చదును అడుగు ఒక అంగుళం మునిగితే సుమారు 70 కిలోల బరువు మోస్తుంది. కొసలు సన్నబడితే ఇంకా తగ్గుతుంది. ఆ లెక్కన ఇద్దరు మనుషులు, తడిసిన వల ఎక్కాక నీటిపైన అంచు ఎంత మిగులుతుందో ముందే చూసుకోవాలి. వేటకు కట్టే నమూనాలో అంచు తక్కువ ఎత్తు ఉంటుంది కనుక, గాలికి అలలు లేచే నాగార్జునసాగర్ వెడల్పు నీళ్లలోకి దాన్ని అలాగే తీసుకెళ్లడం నా దృష్టిలో తెలివితక్కువ పని. పక్కలను నాలుగంగుళాలైనా పెంచాలి.

సమస్య: తెడ్డు వేస్తే తిన్నగా పోదు

కృష్ణలో తిరిగే పుట్టిలాగా, అడుగున నీటిని పట్టేదేమీ లేని పడవ తెడ్డు పడిన ప్రతిసారీ ముక్కు తిప్పుతుంది. వెనుక భాగంలో మధ్య గీత మీద మూడు అంగుళాల లోతు బద్దను అతికిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ఇక పడవ నిండినా మునగకుండా బల్లల కింద థర్మోకోల్ నింపేవారు ఒక సంగతి గమనించాలి. ఘనపుటడుగు థర్మోకోల్ దాదాపు 27 కిలోలను తేల్చి ఉంచుతుంది గానీ, పాలియెస్టర్ అనే మరో రకం రెజిన్ తగిలితే కరిగిపోతుంది. దాని మీద ఎపాక్సీ మాత్రమే వాడాలి.